చుక్క పెట్టని చోటు

ఒక కిడ్నీ ఇచ్చేసిన ఆడపిల్ల సగం మనిషి అనీ, ఆమె కడుపు పండదనీ, బతికినన్నాళ్ళూ మందుల మీదే బతకాలనీ జహీరాబాద్‌లో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో ఈ మాట ఉంది, అల్లం మార్కెట్లో ఉంది, ఆదివారం ప్రార్థన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే ఆడవాళ్ళ మధ్యా ఉంది. ఇంతమంది నమ్మకానికి ఊళ్ళో ఉన్న ఉదాహరణ ఒక్కటే. ఆమె పేరు కృప.

ఆ ఉదాహరణ ప్రతి సాయంత్రం హైవే పక్కనున్న మెడికల్ షాపు మీది గదికి మెట్లెక్కి వెళ్ళి, పెద్దవాళ్ళకు ఇంగ్లీషు పాఠం చెప్పి, మెట్లు దిగి నడుచుకుంటూ ఇంటికి పోతూనే ఉంది. అదీ అందరూ చూస్తూనే ఉన్నారు. చూసినదానికీ నమ్మినదానికీ పొంతన కుదరనప్పుడు మనుషులు సాధారణంగా చూసినదాన్నే వదిలేస్తారు.

కృప తండ్రి గుండయ్య అదే రోడ్డు మీద లారీల టైర్లకు పంక్చర్లు వేసేవాడు. ఆయన కిడ్నీలు రెండూ పాడైనప్పుడు భార్యది కలవలేదు, కూతురిది కలిసింది. కృప ఇచ్చింది. ఆయన నాలుగేళ్ళపాటు మళ్ళీ దుకాణం తెరిచి, కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. కూతురు ఇచ్చిన కిడ్నీ ఆయన దవాఖానలో చేరేనాటి వరకు చక్కగా పనిచేసింది. ఇంత వివరం వినే తీరిక ఊరికి లేదు. 'తండ్రీ దక్కలే, పిల్లా దక్కలే' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కోహీర్ నుంచి వచ్చిన సంబంధంవాళ్ళు ఉప్మా తిని, చాయ్ తాగి, పిల్ల నచ్చిందని చెప్పి వెళ్ళి, చాయ్ హోటలు దాటేలోపు మనసు మార్చుకున్నారు. ఆ తరువాత కృప తల్లి ఉప్మా రవ్వ కొనడం మానేసింది.

క్లాసులో మంగళవారం గ్రాఫులు, శుక్రవారం ఆరోగ్యం. బయటి దేశాల ఉద్యోగాలకు రాసే ఇంగ్లీషు పరీక్షలో ఈ రెండూ తప్పవు కనుక నర్సులు వస్తారు. ఎగుమతి వ్యాపారులతో తానే మాట్లాడుకోవాలని పట్టుదల పట్టిన అల్లం వ్యాపారి సంగప్ప సేటు, యాభై దాటినా, ముందు బెంచీలో కూర్చుంటాడు. ఒక మంగళవారం ప్రేమ్‌సాగర్ వచ్చాడు. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం, సొంత ఊరు రాయికోడ్ దగ్గర పల్లె. ఆడిట్‌కు వచ్చే పెద్దమనుషుల ముందు ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చి చేరాడు. చేరిన రోజే తగవు పెట్టుకున్నాడు.

బోర్డు మీద ఒక ఊరి చాయ్ అమ్మకాల గ్రాఫు ఉంది. వర్ణించమంది కృప.

"ది సేల్స్ ఫెల్ షార్ప్‌లీ ఇన్ మే, బికాజ్..."

"బికాజ్ వద్దు," అంది కృప.

"ఎందుకు మేడమ్?"

"గ్రాఫుల కారణం కనిపిస్తున్నదా?"

"కనిపియ్యది."

"కనిపియ్యనిది చెప్పొద్దు. గీత పెరిగిందా, తగ్గిందా, ఆగిందా. గంతవరకే."

"కారణం చెప్పకుంటే మా ఫ్యాక్టరీల జీతమియ్యరు మేడమ్. మిషిన్ ఎందుకు ఖరాబైందో చెప్పేటందుకే నన్ను పెట్టుకున్నరు."

"ఫ్యాక్టరీల చెప్పున్రి. ఇక్కడ మార్కులేసేది నేను."

సంగప్ప సేటు వెనక్కి తిరిగి కొత్త విద్యార్థిని జాలిగా చూశాడు. "ఎండకాలం చాయ్ ఎవడు తాగుతడు మేడం, మజ్జిగ తాగుతరు. ఆ ముచ్చట నేను మొన్న చెప్పబోతే నన్ను కూడా కూసొమ్మన్నరు."

ప్రేమ్‌సాగర్ కూర్చున్నాడు. కూర్చున్నవాడు బోర్డును కాకుండా, సుద్దపొడి అంటిన ఆమె ముక్కుకొసను చూస్తూ క్లాసంతా గడిపాడు. ఆ సంగతి గమనించిన సేటు, బాగుండదని, ముక్కు తుడుచుకొమ్మని ఆమెకు చెప్పలేదు.

తన పని ఏమిటో ప్రేమ్‌సాగర్ మరో మంగళవారం ఇంగ్లీషులో చెప్పాడు. మిషన్ మీద తయారైన ఇరుసును గంటకోసారి కొలుస్తాడు. కొలత ఎంత వస్తే అంత చార్టు మీద చుక్క పెడతాడు. చార్టులో పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. చుక్కలు ఆ రెండింటి నడుమ పడుతున్నంతసేపు ఎవరూ ఫికర్ చేయనక్కరలేదు.

"మీరు కూడా గీతల నడుమనే ఉంటరు మేడమ్," అన్నాడు తెలుగులోకి దిగి. "ఎక్కువ నవ్వరు, తక్కువ నవ్వరు. అన్ని దినాలు ఒక్క తీరుగనే."

"గీతను చూసిన్రు, కారణం అడగలే. మంచిగనే నేర్చుకున్నరు," అంది కృప. ఆ రోజు చుక్క కాస్త పైగీత వైపు పడింది.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం కరెంటు పోయి, రోడ్డు మీద లారీలు దీపాలు వేసుకుని నిలబడిపోయి, క్లాసు ముగిసినా ఎవరూ కదలలేని వాన పట్టుకుంది. కిటికీ రెక్క కొట్టుకుంటుంటే ప్రేమ్‌సాగర్ తన టిఫిన్ డబ్బాను అడ్డం పెట్టి, చేతులు కట్టుకుని, పరీక్షలో నిలబడ్డట్టు నిలబడి అన్నాడు:

"ది రెయిన్ ఇంక్రీజ్డ్ సిగ్నిఫికెంట్లీ."

"అండ్ ది స్టూడెంట్స్ రిమెయిన్డ్ స్టేబుల్," అంది కృప.

నర్సులు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక, ఆ చప్పుడు తనదేనా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. ఇంటికి వెళ్ళేటప్పుడు తడిసిన రోడ్డు మీద ఆమె మామూలుకన్నా నెమ్మదిగా నడిచింది. ఆశ మొదలైన మనిషికి అన్నిటికన్నా ముందు భయమే తెలుస్తుంది.

ఆ శుక్రవారం పుస్తకంలో వచ్చిన అంశం అవయవదానం.

పేజీ తిప్పేయవచ్చు. తిప్పితే తిప్పిందని అందరికీ తెలుస్తుంది. కృప తిప్పలేదు. ఎవరైనా మాట్లాడండి అంది. నర్సులు బల్లల వంక చూశారు. సేటు దగ్గాడు. ఊళ్ళో ఏడాదైనా ఉండనివాడు, ఎవరి గుసగుసలూ చెవిన వేసుకోనివాడు ఒక్క ప్రేమ్‌సాగర్. అందుకని అతనే లేచాడు. రెండు రోజులుగా కష్టపడి సిద్ధం చేసుకున్న వాక్యాలు ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. ఇచ్చినవాళ్ళు గొప్పవాళ్ళు. అయితే మళ్ళీ పాత మనుషులు కారు, సగమే మిగులుతారు. తమ పల్లెలో అందరూ ఈ మాటే అంటారు.

"ఐ రెస్పెక్ట్ దెమ్. బట్ ఇన్ మై ఫ్యామిలీ, ఐ విల్ సే నో."

"తప్పులేం లేవు," అంది కృప. "వాక్యాలన్నీ కరెక్టే." తరువాత సంగప్ప వైపు తిరిగింది. "ఈయనకు ఎవరూ చెప్పలేదా సేటూ?"

సేటు తల వంచుకున్నాడు.

"మా నాయినకు ఒకటిచ్చిన. ఇగ ఉన్నది ఒకటే," అని ప్రేమ్‌సాగర్‌తో చెప్పి, ఆమె డస్టరు తీసుకుని ఏమీ రాయని బోర్డును తుడిచింది. "ఇయ్యాల్టికి చాలు. పోన్రి."

మంగళవారం అతను రాలేదు. శుక్రవారం రాలేదు. ఆ తరువాతి మంగళవారమూ అతని చోటు ఖాళీగానే ఉంది. కృప ఎవరినీ అడగలేదు. కోహీర్‌వాళ్ళు పోయినప్పుడు కోపం వచ్చింది, ఈసారి కోపం కూడా రాలేదు. అతను మోసం చేయలేదు, ఎదుటే నిలబడి మనసులో మాట స్పష్టంగా చెప్పాడు. ఆ మాటలకు వ్యాకరణం నేర్పింది తానే.

అతను పోవడం కన్నా ఆమెను ఎక్కువగా తినేస్తున్నది మరొకటి ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు అప్పట్లోనే బొమ్మ గీసి చెప్పాడు. మిగిలిన కిడ్నీ కొంచెం పెరిగి, రెండోదాని పనిలో చాలా భాగం తానే చేసుకుంటుంది. చాలామంది దాతలు మామూలుగానే బతుకుతారు, పిల్లల్ని కంటారు. ఏడాదికోసారి పరీక్ష మాత్రం మానకూడదు. కృప ఇదంతా అర్థం చేసుకుంది, నమ్మింది, నలుగురికి చెప్పింది. తండ్రి బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి వెళ్ళి రక్తం ఇచ్చేవారు. ఆయన పోయాక మూడేళ్ళుగా ఆమె ఆ గడప తొక్కలేదు. ఏటా రేపు, ఎల్లుండి అనుకుంది. ఊరి మాటను నమ్మనని చెప్పే మనిషి, ఆ మాట నిజమని కాగితం మీద తేలుతుందేమోనని దాక్కుంది. నమ్మనిదానికి భయపడటంకన్నా పెద్ద అవమానం ఆమెకు తెలియదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తే, అది వయసా, నిద్రలేమా, మరొకటా అని లెక్కలు వేసేది. అద్దంలో కళ్ళకింద వాపు వెతుక్కునేది. ఎదుటివాళ్ళు సగమన్నప్పుడు కాదని వాదించవచ్చు. లోపలినుంచి అదే మాట వస్తే ఎవరితో వాదించాలి?

ప్రేమ్‌సాగర్ వచ్చిన సాయంత్రం క్లాసు అప్పుడే ముగిసింది. బయట వాన. బస్సుకోసం ఆగిన సంగప్ప సేటు ఒక్కడే ముందు బెంచీలో ఉన్నాడు. కృప లేచి తలుపు వైపు చూస్తే, "నేను లేననుకోన్రి మేడం. బస్సొచ్చిందాంక నాకేం వినవడది," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆడిట్ మంచిగ అయిందా?" అంది కృప.

"అయింది మేడమ్. నాలుగు దినాలే ఆడిట్. మిగిలిన దినాలు మొఖం చెల్లక రాలే." అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కా అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "మా అమ్మకు చెప్పిన, మీ గురించి. వద్దన్నది."

"మీ అమ్మనెందుకు అడిగిన్రు? నన్ను అడగలే కద."

"మిమ్మల్ని అడగనీకెనే ముందు ఆమెను అడిగిన."

కిటికీ దగ్గర సేటు మెడ కాస్త ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగింది.

"ఆమె వద్దన్నది. నేను కూడా నమ్మినోన్నే," అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఆ దినం చెప్పింది ఉత్తగ చెప్పలే, నమ్మే చెప్పిన. మా ఫ్యాక్టరీల ఒక రూలున్నది మేడమ్. విన్న మాట చార్టుల ఎక్కియ్యొద్దు. కొలిస్తేనే చుక్క పెట్టాలె. మా అమ్మ ఏం కొలిచింది? నేనేం కొలిచిన? ఏం లేదు. అందుకే మీ చార్టు ఏమంటదో అడుగుదామని వచ్చిన."

 కృప సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు గీతలు గీసింది. రక్తంలో క్రియాటినిన్, కిడ్నీ సరిగా వడపోయనప్పుడు పెరిగే పదార్థం, అని చెప్పింది. ఆపరేషన్‌కు ముందు ఒక చుక్క కింద పెట్టింది. ఆపరేషన్ తరువాత చుక్క కొంచెం పైకి పోయింది. ఆ తరువాత ఏడాదికొకటి, అదే ఎత్తులో, వరుసగా పెట్టుకుంటూ పోయి ఆగింది.

"ఇట్ రోజ్ స్లైట్‌లీ, దెన్ రిమెయిన్డ్ స్టేబుల్," అన్నాడతను. "తర్వాత?"

"తర్వాత లేదు."

"మూడేండ్లు ఖాళీ ఉన్నది."

"ఉన్నది."

"ఎందుకు?"

"బికాజ్ వద్దన్న కద," అంది కృప. ఆ గొంతులో హాస్యం లేదు.

అతను దగ్గరికి వచ్చి ఖాళీచోటును చూస్తూ నిలబడ్డాడు. "చుక్క పెట్టకుంటే మిషిన్ మంచిగున్నట్టు కాదు మేడమ్. ఖరాబైనట్టు కూడా కాదు. తెల్వదు, గంతే."

"పెడితే గీత దాటుతదేమో. అప్పుడు మీరేం చేస్తరు?"

అతను ఆలోచించాడు. ఆ ఆలోచన పొడవు ఆమెకు గుచ్చుకుంది. "తెల్వదు," అన్నాడు చివరికి. "అబద్ధం చెప్ప. క్లాసుకైతే వస్త."

"ఇప్పుడు పోన్రి."

అతను వెళ్ళిపోయాడు. బస్సు అంతకు ముందే వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. సేటు ఆ సంగతి ఎత్తలేదు. గొడుగు విప్పుకుంటూ, "పిలగాడు సరుకు తూకం వేసే పద్ధతిల మాట్లాడతడు మేడం. మోసమైతే లేదు," అని మెట్లు దిగాడు. కృప మాత్రం బోర్డు తుడవలేకపోయింది. ఆ ఖాళీచోటు తన మిగిలిన జీవితమంత వెడల్పుగా కనిపించింది. క్లాసుకు వస్తానన్నాడు. అంతకు మించి ఆశించడానికి తన దగ్గర ఏమున్నదని? ఆ రెండు రోజులూ ఆమె ఇంట్లో తల్లితో కూడా సరిగా మాట్లాడలేదు.

గురువారం క్లాసుకు ముందు మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. ముతక చీర కట్టుకున్న పెద్దావిడ గుమ్మం పట్టుకుని, రొప్పు తీర్చుకుని, లోపలికి వచ్చి బెంచీ మీద కూలబడింది. నెత్తి నొక్కుకుంటూ కృపను కిందినుంచి పైదాకా చూసింది.

"నేను నారమ్మను. ప్రేమ్‌సాగర్ అమ్మను. వానికి చెప్పకుంట వచ్చిన."

కృప నీళ్ళిచ్చింది.

"బిడ్డా, నేను అల్లం చేన్ల కూలి చేసేదాన్ని. చక్కర కొట్టి మాట్లాడుడు రాదు. నీకు పిల్లలైతరా?"

"ఇచ్చినోళ్ళల్ల చానమందికి అయిన్రు అమ్మా. డాక్టరు దగ్గర జర ఎక్కువ జాగ్రత్తగ చూపిచ్చుకోవాలె. నాకు అయితరని మాత్రం ఎవరూ రాసియ్యరు. రెండు కిడ్నీలున్నోళ్ళకు కూడా రాసియ్యరు."

నారమ్మ కాసేపు దాన్ని నమిలింది. "అది నిజమే. మా చెల్లెకు అన్నీ మంచిగున్నయి, పిల్లలు కాలే." గ్లాసు కింద పెట్టింది. "మరి నువ్వు మంచిగున్నవా? పరీక్ష చేపిచ్చుకున్నవా?"

"లేదు. మూడేండ్లాయె."

"ఎందుకు?"

ఆ ప్రశ్న అడగవద్దని ఈమెకు ఎవరూ నేర్పలేదు. కృపకు తప్పించుకునే ఓపిక కూడా లేదు. "భయమైతది అమ్మా. నిజంగనే నేను సగమేమోనని భయం."

నారమ్మ మొహంలో ఏదో సడలింది. ఊరందరి తరపునా విచారించడానికి వచ్చిన మనిషి కాస్తా బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"మా చేన్ల కాడికి నర్సమ్మ బీపీ మిషిన్ పట్టుకొని వస్తది. నేను చెట్ల చాటుకు పోత. నాకు నెత్తి తిరుగుడు రెండేండ్ల సంది ఉన్నది. ఏమన్న ఉన్నదంటే ఏం జేయాలె అని." ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "పొద్దుగాల సర్కారు దవాఖానకు పోదం. నువ్వు రా, నేను వస్త. ఒక్కరం పోతే ఇద్దరం ఉరుకుతం."

మర్నాడు ఉదయం ఇద్దరూ వెళ్ళారు. కృప రక్తం, మూత్రం ఇచ్చింది, బీపీ చూపించుకుంది; రిపోర్టులు రేపు ఇస్తామన్నారు. నారమ్మకు ఒకసారి చూసి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ చూసి, రేపు కూడా రమ్మన్నారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాక ఆమె కృప చేయి పట్టుకుంది. ఆ అరచేతికి పచ్చి అల్లం వాసన ఇంకా వదలలేదు.

"పెండ్లి మాట రేపటికి పెట్టుకోవద్దు బిడ్డా. రేపు నీకు మంచిగలేదని వస్తే నేను వెనుకకు పోత. నా బుద్ధి నాకు ఎరుకే. అందుకే ఇయ్యాల్నే మాటిస్తున్న. మాటిచ్చినంక పోను."

కృప ఏడ్చింది. సంతోషానికా అంటే అదీ కాదు. రేపటి కాగితం ఇంకా రేపట్లోనే ఉంది.

తల్లి దవాఖానకు వెళ్ళిందని తెలిసి, షిఫ్టు దిగి యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చిన ప్రేమ్‌సాగర్, తల్లినీ మేడమ్‌నూ ఒకే బల్ల మీద చూసి, ఎవరిని ముందు పలకరించాలో తేల్చుకోలేక స్తంభం పక్కన నిలబడ్డాడు.

"నీకు ఆడిట్ అయిపోయింది కద," అంది కృప కళ్ళు తుడుచుకుంటూ. ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఇంకా క్లాసెందుకు?"

"అది గ్రాఫుల కనిపియ్యది మేడమ్."

"కారణం చెప్పు. ఇయ్యాల ఒక్కదినం చెప్పొచ్చు."

"బికాజ్..." అని అతను ఆగిపోయాడు. ఇంగ్లీషు రాలేదు, తెలుగు కూడా రాలేదు. "రేపు చుక్క ఎక్కడ పడ్డా నేనే పెడుత. ఆ దినం తెల్వదన్న. ఇప్పుడు తెలుసు."

"మేడమ్ అనుడు బంద్ చెయ్యి ముందు," అంది నారమ్మ. "కోడల్ని మేడమ్ అంటే నేనేమనాలె?"

మర్నాడు రిపోర్టులు చేతికి వచ్చాయి. మంగళవారం బోర్డు మీద ప్రేమ్‌సాగర్ పెట్టిన చుక్క పాత చుక్కల వరుసలోనే, అదే ఎత్తులో పడింది. కృప మూత్రంలో ప్రోటీన్ లేదు, బీపీ మామూలుగా ఉంది, వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు. నారమ్మ బీపీ రెండో రోజు కూడా ఎక్కువే ఉంది. ఆ ఇద్దరిలో ఇకనుంచి రోజూ మాత్ర వేసుకోవలసింది ఒక్కరే. ఆమెకు కిడ్నీలు రెండూ ఉన్నాయి.